డీజిల్ కన్నా మట్టే ఎక్కువ తాగే మందు: డెల్టా నేలల్లో రసాయన ఆక్సీకరణ

క్లుప్తంగా: చమురు, ద్రావకాలు ఇంకిన నేలలోకి పర్మాంగనేట్, పెరాక్సైడ్, పర్సల్ఫేట్ లాంటి ఆక్సీకారకాలను ఎక్కించి, కాలుష్యాన్ని ఉన్నచోటే విరగ్గొట్టడాన్ని రసాయన ఆక్సీకరణ అంటారు. కొద్దిపాటి జాగాలో, ఇసుక నేలలో, తేలే చమురును ముందే తోడేశాక ఇది బాగా పనిచేస్తుంది. గోదావరి డెల్టా బంకమట్టిలో మాత్రం మందులో పెద్ద భాగం మట్టిలోని సేంద్రియ పదార్థానికీ, ఇనుముకూ ఖర్చైపోతుంది. ఉప్పు, చౌడు దీంతో పోవు. మందు ఎంపికలో పొరపాటు జరిగితే చౌడు పెరుగుతుంది కూడా.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వస్తోంది

కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్ర పర్యావరణ శాఖ 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. కాలుష్య నియంత్రణ మండలి వాటిని పరీక్షించాలి. కాలుష్యానికి కారకులెవరో తేలితే శుద్ధి ఖర్చు వారిదే. అణుధార్మిక వ్యర్థాలు, గనుల తవ్వకం, సముద్రంలో చమురు తెట్టు వంటివి ఈ నిబంధనల కిందికి రావు. నేలను శుద్ధి చేయాలన్న బాధ్యత కాగితం మీదికి వచ్చింది కాబట్టి, ఎలా చేస్తారన్న ప్రశ్న సహజంగానే ముందుకొస్తుంది.

గోదావరి డెల్టాలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. కోనసీమ కొబ్బరితోటల నడుమే చమురు, గ్యాస్ బావులున్నాయి, పొలాల కింద పైపులైన్లు సాగుతున్నాయి. 1995 జనవరిలో పాసర్లపూడి దగ్గర బావిలోంచి ఎగజిమ్మిన గ్యాస్‌కు అంటుకున్న మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. అంతటి ప్రమాదాలు అరుదు. నేలను నిదానంగా పాడుచేసేవి చిన్న కారుడులే: పెట్రోలు బంకు కింద తుప్పుపట్టిన ట్యాంకు, చెరువు గట్టున రాత్రింబవళ్లు నడిచే డీజిల్ ఇంజను, మరపడవల రేవులో ఒలికిన ఆయిల్. ఇలాంటి చోట్ల ‘మందు ఎక్కిస్తే నేల బాగవుతుంది’ అన్న మాట తేలిగ్గా వినిపిస్తుంది. అది ఎంతవరకు నిజమన్నది మందు కన్నా మట్టి మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

చేపల చెరువులో తెలిసిన సంగతే

భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల చెరువులు చేసేవాళ్లకు పొటాషియం పర్మాంగనేట్ కొత్త కాదు. లీటరు నీటికి 2 నుంచి 4 మిల్లీగ్రాముల మోతాదు సాధారణం. తేటనీటి చెరువులో ఊదా రంగు గంటల తరబడి నిలుస్తుంది. మేత మిగిలి, అడుగున బురద పేరుకున్న చెరువులో అదే మోతాదు నిమిషాల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. చేప మీది సూక్ష్మజీవి దాకా చేరకముందే మందును మురుగు తినేసిందన్నమాట. అందుకే తెలిసినవాళ్లు ముందు బకెట్లో చెరువునీళ్లు పట్టి, రంగు ఎంతసేపు నిలుస్తుందో చూసి మోతాదు నిర్ణయిస్తారు.

నేల శుద్ధిలోనూ సూత్రం ఇదే. ఆక్సీకారకానికి డీజిల్ ఏది, కుళ్లిన గడ్డివేరు ఏది అన్న తేడా తెలియదు. ఎలక్ట్రాన్లు ఎవరిస్తే వారితో చర్య జరుపుతుంది. మట్టి తన వంతుగా మింగేసే ఈ మోతాదును నేల ఆక్సీకారక గిరాకీ అంటారు.

డెల్టా పొలాల్లో ఈ గిరాకీ ఎక్కువగా ఉండటానికి కారణం సాగు తీరులోనే ఉంది. సార్వా, దాళ్వా రెండు పంటలకూ నేల నెలల తరబడి నీటిలో మునిగి ఉంటుంది. మునిగిన కొద్ది రోజుల్లోనే మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. ఆ తర్వాత సూక్ష్మజీవులు నైట్రేటు, మాంగనీసు, ఇనుము, సల్ఫేటు... ఈ వరుసలో ఒక్కొక్కదాన్నీ క్షయకరిస్తూ (ఎలక్ట్రాన్లు అందిస్తూ) పోతాయి. తుప్పులాంటి ఫెర్రిక్ ఇనుము నీటిలో కరిగే ఫెర్రస్‌గా మారుతుంది. మురుగు కాలువ అంచున కనిపించే తుప్పురంగు తెట్టు, తవ్వితే బయటపడే బూడిదనీలం మట్టి, కుళ్లిన గుడ్డు వాసన దీని గుర్తులే. కోరింగ వైపు మడ బురదలో ఇనుప సల్ఫైడులు కూడా పేరుకుని ఉంటాయి. ఇవన్నీ ఆక్సీకారకం కోసం ఆకలితో ఉన్న పదార్థాలే.

ఏ మందు దేని మీద పనిచేస్తుంది

పర్మాంగనేట్ నెమ్మదైనది, కానీ నేలలో నెలల తరబడి నిలుస్తుంది, బంకమట్టిలోకి మెల్లగా వ్యాపించగలదు. లోహ భాగాల జిడ్డు వదిలించడానికీ, బట్టల డ్రైక్లీనింగుకూ వాడే ట్రైక్లోరోఇథిలీన్ లాంటి క్లోరిన్ ద్రావకాల మీద దీనికి తిరుగులేదు. ఒక గ్రాము ట్రైక్లోరోఇథిలీన్‌కు లెక్క ప్రకారం 2.4 గ్రాములు చాలు. బెంజీన్ మీద మాత్రం దాదాపుగా పనిచేయదు. పెట్రోలు కారిన చోట అసలు భయం బెంజీన్‌తోనే. తాగునీటిలో అది లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి బంకు కింది నేలకు పర్మాంగనేట్ ప్రతిపాదించిన పథకం మొదటి పేజీలోనే తప్పినట్టు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒంటరిగా బలహీనం. ఫెర్రస్ ఇనుము తోడైతే హైడ్రాక్సిల్ రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్‌తో, దేన్నైనా పట్టేసే చురుకైన కణం) పుడుతుంది. 1894లో రసాయన శాస్త్రవేత్త ఫెంటన్ వర్ణించిన చర్య ఇదే. ఈ రాడికల్ బెంజీన్‌నూ, డీజిల్ గొలుసులనూ ఒకే దెబ్బన విరగ్గొడుతుంది. అయితే చర్య సజావుగా సాగాలంటే పీహెచ్ 3, 4 మధ్య ఉండాలి. లేకపోతే ఇనుము తుప్పుగా దిగిపోతుంది. గవ్వలు, సున్నపు ముద్దలు ఉన్న తీరప్రాంత మట్టిలో ఎంత ఆమ్లం పోసినా ఆ పీహెచ్ నిలవదు. అప్పుడు సిట్రిక్ ఆమ్లం లాంటి వాటితో ఇనుమును పట్టి ఉంచి, మామూలు పీహెచ్ దగ్గరే పని నడపాలి. పెరాక్సైడ్ ఆయుష్షు గంటలు, మహా అయితే కొద్ది రోజులు. ఎక్కించిన చోటు నుంచి ఎక్కువ దూరం పోలేదు.

సోడియం పర్సల్ఫేట్ వారాలు నిలుస్తుంది, నీటిలో బాగా కరుగుతుంది. దీనికి చైతన్యం కావాలి: 40 డిగ్రీలు దాటిన వేడి గానీ, ఇనుము గానీ, పీహెచ్ 11 చేరేలా కాస్టిక్ సోడా గానీ. అప్పుడు పుట్టే సల్ఫేట్ రాడికల్ పెట్రోలు, డీజిల్ రెండింటినీ పట్టుకుంటుంది. ఓజోన్ వాయువు కాబట్టి నీటిమట్టానికి పైనున్న పొడినేలలో నయం. నీరు రెండు మూడు మీటర్లలోనే తగిలే డెల్టాలో దానికి చోటు తక్కువ.

100 ఘనపు మీటర్ల లెక్క

10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల మందం ఉన్న మట్టి దిమ్మను తీసుకుందాం. ఘనపు మీటరు 1.7 టన్నుల చొప్పున బరువు 170 టన్నులు. కిలో మట్టికి 500 మిల్లీగ్రాముల డీజిల్ ఉందనుకుంటే మొత్తం డీజిల్ 85 కిలోలు, అంటే సుమారు 100 లీటర్లు. వినడానికి ఇది కొంచెమే.

డీజిల్‌ను పూర్తిగా బొగ్గుపులుసు వాయువు దాకా మార్చాలంటే గ్రాముకు సుమారు 51 గ్రాముల సోడియం పర్సల్ఫేట్ కావాలి. 85 కిలోలకు 4.3 టన్నులు. పెరాక్సైడ్ అయితే గ్రాముకు 7.3 గ్రాములు, అంటే 620 కిలోలు. మార్కెట్లో దొరికే 50 శాతం ద్రావణంలో అది సుమారు 1,240 కిలోలు. ఇది మట్టి వాటా కలపని లెక్క.

ఇప్పుడు మట్టి వాటా. అదే దిమ్మలో సేంద్రియ కర్బనం 1 శాతం ఉంటే దాని బరువు 1,700 కిలోలు, డీజిల్‌కు ఇరవై రెట్లు. అదంతా చర్యలో పాల్గొనదు, కానీ పదో వంతు పాల్గొన్నా డీజిల్‌కు రెట్టింపు. పర్మాంగనేట్‌తో కొలిస్తే శుభ్రమైన ఇసుక కిలోకు ఒక గ్రాము లోపే తాగొచ్చు, సేంద్రియం నిండిన బంకమట్టి 20 గ్రాములు దాటొచ్చు. 170 టన్నులకు మొదటి లెక్కన 170 కిలోలు, రెండో లెక్కన 3,400 కిలోలు. కాలుష్యం ఒకటే, స్థలం ఒకటే, మందు ఇరవై రెట్లు. ఈ ఒక్క సంఖ్య కొలవకుండా వేసిన అంచనాను నమ్మడానికి లేదు.

తేలే డీజిల్ పొరను ముందే పంపుతో తోడేయాలనడానికీ కారణం ఈ లెక్కే. తోడితే లీటరు డీజిల్ లీటరుగానే బయటికొస్తుంది. వదిలేస్తే ఆ ఒక్క లీటరూ 40 కిలోలకు పైగా పర్సల్ఫేట్‌ను మింగుతుంది.

సీసాలో తేలాల్సిన విషయం

కాలుష్యం ఉన్న లోతులోంచి ఒక మట్టి నమూనా, పక్కనే శుభ్రమైన చోట అదే లోతులోంచి మరొకటి తీయాలి. గొట్టంలోనే మూతపెట్టి, చల్లగా, తడి ఆరకుండా ప్రయోగశాలకు చేర్చాలి. చాలాచోట్ల పని ఇక్కడే చెడుతుంది. నమూనాను పళ్లెంలో ఆరబెట్టి, దంచి, జల్లెడ పడతారు. సారపరీక్షకు అది సరైన పద్ధతే. ఈ పరీక్షకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఆరే లోపే ఫెర్రస్ ఇనుము గాలికి తుప్పుపట్టిపోతుంది. సీసాలో మందు తక్కువే తాగినట్టు కనిపిస్తుంది, తీరా పొలంలో మూడింతలు పోసినా చాలదు.

50 గ్రాముల తడి మట్టికి లీటరుకు 20 గ్రాముల బలం ఉన్న పర్మాంగనేట్ ద్రావణం 100 మిల్లీలీటర్లు కలిపితే, కిలోకు 40 గ్రాముల దాకా గిరాకీని కొలవొచ్చు. మట్టి లేని సీసా ఒకటి పక్కన ఉంచాలి. 48 గంటల తర్వాత వడగట్టి, మిగిలిన ఊదా రంగును కొలిస్తే తొలి అంచనా వస్తుంది. బంకమట్టికి రెండు వారాల కొలత కూడా తప్పనిసరి. లోపలి పొరల్లోని సేంద్రియం మెల్లగా బయటపడుతూ మందు తాగుతూనే ఉంటుంది. పెరాక్సైడ్, పర్సల్ఫేట్‌లకైతే గిరాకీ కన్నా అవి ఎంత వేగంగా విడిపోతున్నాయన్నదే ముఖ్యం. పెరాక్సైడ్ సగం కావడానికి గంట కూడా పట్టకపోతే, ఎక్కించే చోటు చుట్టూ ఒక మీటరు కూడా అది చేరదు.

అదే సీసాలో క్రోమియం, మాంగనీసు కూడా చూడాలి. మట్టిలో నిరపాయంగా ఉన్న మూడు సంయోజకత క్రోమియంను బలమైన ఆక్సీకారకం ఆరు సంయోజకతకు మార్చగలదు. అది నీటిలో కరుగుతుంది, విషం. తాగునీటిలో మొత్తం క్రోమియంకు భారతీయ ప్రమాణం లీటరుకు 0.05 మిల్లీగ్రాము. సాధారణంగా కాలక్రమంలో అది తిరిగి స్థిరపడుతుంది. పక్కనే తాగునీటి బోరు ఉంటే అంతకాలం ఆగడానికి వీల్లేదు.

ఇసుక దిబ్బ, బంకమట్టి పల్లం

డెల్టా తీరంలో పాత ఇసుక దిబ్బలు సముద్రానికి సమాంతరంగా వరుసలు కట్టి ఉంటాయి, మధ్య పల్లాల్లో బంకమట్టి. ఒకే ఊళ్లో రెండు వీధుల అవతల నేల తీరు మారిపోతుంది. ఇసుకలో ఎక్కించే గొట్టం చుట్టూ మూడు నుంచి ఐదు మీటర్ల దాకా మందు వ్యాపించవచ్చు. బంకమట్టిలో ఒకటి, ఒకటిన్నర మీటరు దాటితే గొప్పే. అంటే అదే జాగాకు గొట్టాల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది.

లోతు తక్కువ కావడం ఇంకో చిక్కు. 2 మీటర్ల లోతులో పైనున్న మట్టి బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు 350 గ్రాములే. మోటారు సైకిల్ టైరులో కొట్టే గాలి దీనికి ఐదారు రెట్ల ఒత్తిడిలో ఉంటుంది. పంపు ఒత్తిడి కొంచెం పెరిగినా నేల చీలి, మందు పైకి తన్నుకొస్తుంది. ఎండాకాలంలో బీటలు తీసిన నల్లరేగడిలో ఒత్తిడి అక్కర్లేకుండానే నెరియల వెంట పారిపోతుంది. పంట కాలువో, డ్రెయినో పక్కనే ఉంటే అందులోకి చేరుతుంది. పర్మాంగనేట్ అయితే ఊదా రంగు పట్టిస్తుంది. రంగులేని పర్సల్ఫేట్ చేపలు తేలేదాకా తెలియదు.

పరిమాణం కూడా చూడాలి. పై దిమ్మలో ఖాళీలు 40 శాతమైతే 40 వేల లీటర్లు. కిలోకు 5 గ్రాముల గిరాకీకి 850 కిలోల పర్మాంగనేట్‌ను 3 శాతం ద్రావణంగా ఎక్కిస్తే సుమారు 28 వేల లీటర్లు. ఆ మేరకు లోపలున్న నీరు పక్కకు జరగాల్సిందే, దానితో కాలుష్యమూ జరుగుతుంది. అందుకే ముందు అంచుల్లో ఎక్కించి, తర్వాత మధ్యకు రావాలి. మధ్యలో మొదలుపెడితే కాలుష్యాన్ని పక్క తోటలోకి నెట్టినట్టే.

బంకమట్టిలో, లోతు తక్కువైన చోట గొట్టాలతో కుస్తీ పట్టడం కన్నా, కాలువలు కట్టేసిన వేసవిలో పొక్లెయిన్‌తో పొరలు పొరలుగా తిరగేసి మందు కలపడమే నయం. మందు మట్టిని తాకుతుంది, ఎంత కలిపామో తెలుస్తుంది. కలిపిన నేల కొన్నాళ్లు ఊబిలా ఉంటుంది కాబట్టి దాని మీద వెంటనే కట్టడం పెట్టకూడదు.

పెరాక్సైడ్ వేడి, గ్యాసు పైపులు

50 శాతం పెరాక్సైడ్ లీటరు పూర్తిగా విడిపోతే దాదాపు 200 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది. 10 శాతానికి పలచన చేసిన ద్రావణం కూడా ఒక్కసారిగా విడిపోతే తన ఉష్ణోగ్రతను ఉన్నదానికి మరో 70 డిగ్రీల దాకా పెంచుకోగల వేడినిస్తుంది. పెట్రోలు ఆవిరి, ఆక్సిజన్, వేడి... మంటకు కావాల్సినవన్నీ నేల కిందే సమకూరతాయి. తేలే పెట్రోలు ఉన్న చోట పెరాక్సైడ్ ఎక్కించకపోవడానికి ఇదే కారణం. బలం తక్కువగా, విడతలు విడతలుగా, చుట్టూ తవ్విన పరిశీలన బావుల్లో ఉష్ణోగ్రత, పేలుడు ఆవిరి కొలుస్తూ పనిచేయాలి. నిల్వ క్యాన్లకు గాలి పోయే మూతలుండాలి, బిగించి ఎండలో పెడితే ఉబ్బి పగులుతాయి.

కోనసీమలో దీనికి తోడు భూగర్భ పైపులైన్లు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికీ నేల శుద్ధికీ సంబంధం లేదు. కానీ పైపు తుప్పు ఎంతటి ప్రమాదం తేగలదో అది చూపింది. పర్సల్ఫేట్ విడిపోయినప్పుడు పుట్టే ఆమ్లం ఇనుప పైపును తింటుంది. కాబట్టి పైపులైను పటం చూసి, స్థలంలో గుర్తింపు పరికరంతో మళ్లీ వెతికి, పైపు దారికి దూరం పాటించాకే గొట్టం దించాలి. పైపు పక్కనే కాలుష్యం ఉంటే ఆ భాగాన్ని చేత్తో తవ్వి తీయడమే దారి.

డీజిల్ పోయి చౌడు మిగిలితే

పై లెక్కలోని 4.3 టన్నుల సోడియం పర్సల్ఫేట్ పని ముగించాక నేలలో సుమారు 830 కిలోల సోడియం, 3.5 టన్నుల సల్ఫేటు మిగులుతాయి. పుట్టే ఆమ్లం దాదాపు 1.8 టన్నుల సల్ఫ్యూరిక్ ఆమ్లానికి సమానం. కాస్టిక్ సోడాతో చైతన్యపరిస్తే ఆమ్లం అణుగుతుంది, సోడియం మాత్రం ఇంకా పెరుగుతుంది.

వరి, కొబ్బరి నేలకు ఇది చిన్న విషయం కాదు. సోడియం బంకరేణువులను పట్టుకుని వాటిని విడదీస్తుంది. నేల పేరుకుపోయి నీరు ఇంకదు, ఆరితే రాయిలా గట్టిపడుతుంది. రైతు చౌడు అనేది దీన్నే. సల్ఫేటు మునిగిన పొలంలో సల్ఫైడుగా మారి వరి వేళ్లను దెబ్బతీయగలదు. డీజిల్ పరీక్షలో నేల నెగ్గినా పంట ఓడిపోతుంది. సాగునేలలో పర్సల్ఫేట్ వాడక తప్పనిచోట పని అయ్యాక జిప్సం వేసి, మంచినీళ్లు పెట్టి, మురుగు తీసేందుకు దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి. బంకు స్థలానికి, గిడ్డంగి జాగాకు ఈ బెంగ తక్కువ.

చమురు బావుల నుంచి వచ్చే ఉప్పునీటితో, రొయ్యల చెరువుల ఊటతో పాడైన పొలాలకు ఆక్సీకరణ చేయగలిగిందేమీ లేదు. ఉప్పు చమురులాంటి కర్బన పదార్థం కాదు, విరగడానికి అందులో ఏమీ లేదు. సీసం, కాడ్మియం లాంటి లోహాలదీ అదే సంగతి. పైగా రాజోలు, అల్లవరం వైపు లాగా ఉప్పునీరు చొరబడే తీరాల్లో ఉప్పులోని క్లోరైడు ఆ రాడికల్స్‌ను తానే పట్టేసుకుని, కొన్నిసార్లు క్లోరిన్ చేరిన కొత్త ఉపఉత్పత్తులను పుట్టిస్తుంది.

నిదానంగా జరిగే పనితో పోలిక

డీజిల్, ముడిచమురు మడ్డి లాంటి వాటిని సూక్ష్మజీవులు తినగలవు. ఈ అవసరానికే టెరి పరిశోధన సంస్థ ఆయిల్‌జాపర్ అనే బ్యాక్టీరియా మిశ్రమాన్ని తయారు చేసింది. తవ్వి తీసిన మట్టిని గుట్టలుగా పోసి, గాలి ఆడేలా ఊకో కొబ్బరి పొట్టో కలిపి, యూరియా, ఫాస్ఫేటు వేసి, తేమ నిలుపుతూ తిరగేస్తుంటే నెలల్లో డీజిల్ బాగా తగ్గుతుంది. ఉష్ణోగ్రత సూక్ష్మజీవులకు అనుకూలంగా ఉండే డెల్టాలో సాగునేలకు ముందుగా ఆలోచించాల్సింది ఇదే. గుట్టలకు జాగా, వాననీరు కొట్టుకుపోకుండా కప్పు, ఊట దిగని అడుగు కావాలి.

బోరు దగ్గర్లో బెంజీన్ ఉండి నెలలు ఆగలేనప్పుడు, లేదా తవ్వలేని కట్టడం కింద కాలుష్యం ఉన్నప్పుడు ఆక్సీకరణ విలువ తెలుస్తుంది. రెండూ కలిపి వాడటమూ ఉంది. గాఢత ఎక్కువైన కేంద్రంలో ఆక్సీకారకం, అంచుల్లో సూక్ష్మజీవులు. ఆక్సీకారకం తగిలిన చోట సూక్ష్మజీవులు తొలుత చచ్చినా పక్కనుంచి మళ్లీ చేరతాయి.

శుభ్రమైందని ఎప్పుడు అనాలి

మందు ఎక్కించిన వారానికి తీసిన నీటి నమూనా దాదాపు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. కరిగి ఉన్న కాలుష్యం ముందు పోతుంది. బంకమట్టి పొరల్లో దాక్కున్నది ఆ తర్వాత వారాలు, నెలల పాటు బయటికి ఊరుతూనే ఉంటుంది. మందు అప్పటికే అయిపోయి ఉంటుంది, గాఢత మళ్లీ పెరుగుతుంది. ఒకే విడతతో ముగిసే పథకం కన్నా, రెండు మూడు విడతలకు డబ్బు పక్కన పెట్టిన పథకమే నిజాయితీగలది.

నమూనా సీసాలోనూ ఒక మోసం ఉంది. నీటిలో ఆక్సీకారకం మిగిలి ఉంటే ప్రయోగశాలకు చేరే దారిలో అది సీసాలోని బెంజీన్‌ను తింటూ పోతుంది. నేలలో ఉన్న కాలుష్యం కాగితం మీద కనిపించదు. సీసా నింపగానే ఆస్కార్బిక్ ఆమ్లం వేసి ఆ చర్యను ఆపాలి, మిగిలిన ఆక్సీకారకం ఎంతో కూడా విడిగా కొలిచి రాయాలి.

డెల్టాకు ప్రత్యేకమైన జాగ్రత్త కాలువల కాలచక్రం. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీటిమట్టం దిగుతుంది. తేలే డీజిల్ దానితోపాటు దిగుతూ మట్టికి పూత పూస్తుంది. జూన్‌లో నీళ్లు వదిలాక మట్టం పైకొచ్చి ఆ పూతను తడుపుతుంది, బావిలో గాఢత పెరుగుతుంది. నీటి ప్రవాహ దిశ కూడా మారొచ్చు. మే నెలలో తీసిన ఒక్క నమూనాతో స్థలం శుభ్రమని ధ్రువీకరిస్తే ఆగస్టులో ఆ కాగితం చెల్లదు. కాలువ పారుతున్నప్పుడు రెండుసార్లు, కట్టేశాక ఒకసారి, మళ్లీ నీళ్లు వదిలిన నెల తర్వాత ఒకసారి చొప్పున, కనీసం ఒక పూర్తి ఏడాది అవే బావుల్లో, అదే లోతులో కొలవాలి. ప్రతి కొలతకూ పక్కన ఆ రోజు నీటిమట్టం ఎంతో రాసి ఉండాలి.